పోతూ పందొమ్మిది, వస్తూ పద్నాలుగు

ల్యాబులో అందరూ ఆవిడను రెండోసారమ్మ అంటారు. ఏ సోలార్ సెల్‌నూ ఒక్కసారి కొలిచి వదలదు మరి. పద్దెనిమిదేళ్లుగా ఇదే కొలువు: తపాలా బిళ్లంత గాజుముక్క, దాని మీద వెంట్రుక మందంలో వందో వంతు పొర. దీపం కింద పెట్టి, వోల్టేజి మారుస్తూ, ఎంత కరెంటు వస్తోందో రాసి సంతకం పెట్టాలి. సైన్సంటే సత్యాన్వేషణ అని వేదికలెక్కి చెప్పేవాళ్లకేం, పర్మనెంటు ఉద్యోగాలు. ఈవిడది ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు. భర్త పనిచేసే మిల్లు మూతపడ్డాక ఇల్లు గడిచేది దీని మీదే.

ఆరోజు కొత్త సెల్‌ను పైవోల్టేజి నుంచి దించుతూ కొలిస్తే, పడిన వెలుగులో పందొమ్మిది శాతం కరెంటుగా మారుతున్నట్టు వచ్చింది. కింది నుంచి పెంచుతూ కొలిస్తే పద్నాలుగు.

“ఇదేంటక్కా, పోతూ ఒక మాట, వస్తూ ఒక మాటా?” అంది పరిశోధన చేస్తున్న అమ్మాయి.

“వెలుగు పడగానే ఎలక్ట్రాన్లు ఒక పక్కకి, అవి వదిలిన ఖాళీలు ఇంకో పక్కకి చలాకీగా పరిగెడతాయి. ఈ పొరలో అయాన్లు కూడా కదులుతాయి, కానీ నత్త నడక. అవి ఎక్కడ పోగైతే అక్కడ మిగతావాటికి దారి మారిపోద్ది. దిగేటప్పుడు సాయం, ఎక్కేటప్పుడు అడ్డం.”

“మరి ఏది నిజం?”

“రెండూ కాదు. ఒకే వోల్టేజి దగ్గర ఉంచి, అవి కుదురుకునేదాకా కూర్చోవాలి.”

ఇంతలో ప్రొఫెసరు గారొచ్చారు. “పందొమ్మిదట కదా. నివేదిక ఇవాళే పోవాలి. సంతకం పెట్టేయమ్మా.”

“పది నిమిషాలండి.”

“నీ కాంట్రాక్టు కాగితం నా బల్ల మీదే ఉంది, తెలుసుగా.”

“తెలుసు సార్. దీనికి మాత్రం పది నిమిషాలు పడుతుంది.”

ఆవిడ సెల్‌ను ఒకే వోల్టేజి దగ్గర ఆపి ఉంచింది. ఆయన నిలబడే ఉన్నారు. అంకె పద్దెనిమిదికి జారింది, పదిహేడుకి జారింది, చివరికి పదిహేనున్నర దగ్గర కదలడం మానేసింది. ఆవిడ మూడు అంకెలూ రాసి, కింద సంతకం పెట్టింది.

“పందొమ్మిది ఒక్కటే ఉంచి మిగతావి కొట్టెయ్.”

ఆవిడ కలం ఆయన వైపు తిప్పింది. “మీరు కొట్టేసి పక్కన సంతకం పెట్టండి సార్.”

ఆయన కలం అందుకున్నారు. కాగితం మీదికి వంగారు. సంతకం పెట్టకుండానే కలం బల్ల మీద పెట్టేశారు.

“ఇలాగే పంపిద్దాం. కాంట్రాక్టు సంగతి రేపు చూస్తాను,” అని కాగితం తీసుకుని వెళ్లిపోయారు.

“భయం వెయ్యలేదా అక్కా?”

“ఎందుకెయ్యదు? ఇంకా తగ్గలేదు. ఆ పక్క సెల్ ఇలా ఇవ్వు.”