కోడలికి రాసిన పారశీక ఉత్తరం

నందిగామ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతూ పీహెచ్‌డీలో చేరాను. మధ్యయుగాల నాటి ఒక పారశీక సూఫీ కవి ఉత్తరాలను బట్టి ఆనాటి మామూలు జనం ఎలా బతికారో తెలుసుకోవడం నా అంశం. అనువాదం ఉన్నా మూలం చదవకుండా రాయడానికి మనసొప్పలేదు. జగ్గయ్యపేటలో రిటైరైన ఉర్దూ మాస్టారికి పారశీకం కూడా బాగా వచ్చని తెలిసి, ఆదివారాలు ఆయన దగ్గరికి వెళ్ళేదాన్ని.

ఆ కవి ఎప్పుడూ దైవప్రేమలో మునిగి ఉంటాడనుకున్నాను. ఉత్తరాలు తెరిస్తే, ఒక శిష్యుడికి పన్ను తగ్గించమని అధికారికి సిఫారసు, మరొకడికి కొలువు ఇప్పించమని మంత్రికి విన్నపం.

"ఎమ్మెల్యే ఆఫీసులా ఉందండి" అన్నాను.

మాస్టారు కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. "అంతమంది ఇంటిచుట్టూ తిరుగుతుంటే ఆయన మాత్రం ఏం చేస్తాడమ్మా."

ఒక ఆదివారం ఆ కవి తన కోడలికి రాసిన ఉత్తరం వంతు వచ్చింది. మొగుడితో పొసగక బాధపడుతున్న ఆ అమ్మాయికి, తప్పు తన కొడుకుదైతే తాను ఆమె పక్షానే నిలబడతానని, ఏ కష్టమూ దాచుకోవద్దని రాశాడాయన. నేను హుషారుగా నోట్సు రాసుకుంటున్నాను. మాస్టారు చదవడం ఆపేశారు.

"ఏమైందండీ, చప్పుడు లేదు?" అని వంటింట్లోంచి ఆయన భార్య అడిగారు.

అప్పుడు చెప్పారు మాస్టారు. వాళ్ళ కోడలు అలిగి చందర్లపాడులో పుట్టింటికి వెళ్ళిపోయింది. బజార్లో టైలరింగ్ షాపు పెడతానంటే, వ్యాను నడిపే కొడుకు వద్దన్నాడు. మాటా మాటా పెరిగింది. వాళ్ళే తేల్చుకుంటారులే అని మాస్టారు కల్పించుకోలేదు.

"నందిగామ దాకా నీతో బస్సులో వస్తా. అక్కణ్ణుంచి ఆటో పట్టుకుంటా" అంటూ ఆయన చొక్కా మార్చుకున్నారు. ఒక్కరినీ పంపబుద్ధి కాక నేనూ చందర్లపాడు వెళ్ళాను.

కోడలు వరండాలో కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. మామగారిని చూసి గబుక్కున లేచింది.

"ఆయన పంపించారా మామయ్యా?"

"లేదమ్మా, వాడికి తెలీదు. నేనే వచ్చా. నువ్వు వెళ్ళిన రోజే రావాల్సింది. కొడుకు కదాని ఊరుకున్నా."

ఆమె లోపలికి వెళ్ళి టీ పెట్టుకొచ్చింది. కప్పు చేతికిచ్చాక, "మరి షాపు సంగతి?" అంది.

"పెట్టు. వాడికి నేను చెప్తా. అంతగా కాదంటే మన ముందు గదిలోనే పెట్టుకో. వాడు దొడ్డి గుమ్మంలోంచి తిరుగుతాడు."

ఆమెకు నవ్వొచ్చింది. అయినా ఆ రోజు మాత్రం బయల్దేరలేదు. "ఆయనే వచ్చి పిలిస్తే వస్తా" అంది. అది న్యాయమేనన్నారు మాస్టారు.

తిరుగు ఆటోలో, "ఇంతకీ ఆ కవిగారి కోడలు సర్దుకుందా?" అని అడిగారు.

"దొరికిన ఉత్తరాల్లో లేదండి."

"సరే, మన అమ్మాయిదన్నా తెలుస్తుందిలే."

ఇంటికెళ్ళి కొడుకుతో ఏం మాట్లాడారో నాకు చెప్పలేదు. ఆ వారంలోనే అతను వ్యాను వేసుకుని చందర్లపాడు వెళ్ళాడు. కొన్నాళ్ళకు జగ్గయ్యపేట బజార్లో షాపు తెరిచారు. నేను వెళ్ళేసరికి కొడుకు స్టూలెక్కి బోర్డు బిగిస్తున్నాడు. కోడలు కింద నిలబడి, "ఇంకాస్త ఎడమకి" అంటోంది. అతను బుద్ధిగా జరుపుతున్నాడు. నా జాకెట్టు గుడ్డ ఆమె చేతికిచ్చాను. మొదటి బేరం నాదే.