ఆట ఆపిన విజిల్

మా అమ్మాయి కొడుకు కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో క్వార్టర్‌బ్యాక్. ఆట కదిలిన ప్రతిసారీ బంతి ముందు అతని చేతికే వస్తుంది. దాన్ని దూరంగా విసరాలా, పక్కవాడి చేతిలో పెట్టాలా, తనే పట్టుకుని పరిగెత్తాలా అన్నది రెప్పపాటులో తేల్చవలసినవాడు అతనే. ఈమాత్రం అర్థం కావడానికి నాకు ఒక సీజన్ పట్టింది. కరెంటు డిపార్ట్‌మెంటులో సబ్‌స్టేషన్ ఆపరేటరుగా రిటైరయ్యాను. గంటగంటకీ మీటర్లు చూసి రాసిన చెయ్యి ఊరుకోక ఇంట్లో డైరీ రాస్తుంది. నేనూ మా ఆవిడా అమెరికాలో నోవై అనే ఊళ్ళో కూతురింటికి వచ్చి స్థిరపడ్డాక ఆ డైరీలో సగం ఈ ఆటకే పోయింది.

వాళ్ళది చిన్న కాలేజీ. ఆడితే స్కాలర్‌షిప్పు రాదు, ఆట టీవీలో రాదు. మైదానానికి ఒకవైపు అల్యూమినియం బెంచీలు, వాటి మీద తల్లిదండ్రులు, కొద్దిమంది స్నేహితులు, ఒకటి రెండు కుక్కలు. మొదటి ఏడాదంతా మావాడు హెల్మెట్ చంకలో పెట్టుకుని గీత పక్కన నిలబడ్డాడు. రెండో ఏడాది, గెలుపు ఖాయమైపోయిన ఆటల్లో చివర్లో దింపేవారు. మూడో ఏడాది ఆ చోటు అతనిదయింది. పొట్టివాడు. మరీ దూరం విసరలేడు. కాని బంతిని చేతిలో నానబెట్టడు, చూశాడంటే విసిరేస్తాడు.

అతని ముందు నిలబడి అవతలివాళ్ళను అడ్డుకునేవాళ్ళు ఐదుగురుంటారు. ఒక్కొక్కడూ మా వంటింట్లో ఫ్రిజ్ అంత ఉంటాడు. ఈ ఆటలో మా ఆవిడ పట్టించుకున్నది వాళ్ళ ఐదుగురినే.

"మనవాణ్ణి కాచేది వాళ్ళే కదండీ! వాళ్ళకి పెట్టకపోతే ఎలా?" అనేది. ఆట అయిపోగానే పార్కింగ్ లాట్‌లో కారు డిక్కీ తెరిచి పులిహోర వడ్డించేది. వాళ్ళు ఆవిణ్ణి 'అమ్మమ్మా' అనే పిలిచేవారు. అందులో ఒకడు ఆవకాయ కూడా అడిగి వేయించుకునేవాడు.

నాలుగో ఏడాది, అంటే ఆఖరి ఏడాది, సీజన్‌లో ఇంకా రెండే ఆటలున్నాయనగా మా అల్లుడి స్నేహితుడు మాతో వచ్చాడు. నోవైలోనే కార్ల కంపెనీలో ఇంజనీరు. రెండు వేళ్ళు నాలుక కింద పెట్టి అతను విజిల్ వేస్తే పక్కవాళ్ళ చెవులు గింగురుమంటాయి. కుర్రతనంలో కొత్త సినిమా మొదటి ఆటకి తెర ముందు కూర్చుని నేర్చుకున్న విద్య అది.

ఆ రోజు ఆట చివర్లో మావాడు బంతి పట్టుకుని ఎడమవైపు సందు చూసుకుని దూరాడు. ముందు ఒక్కరూ లేరు. దాటితే పాయింట్లొచ్చే గీత కళ్ళ ముందే ఉంది. మేమంతా లేచి నిలబడ్డాం. ఆ సంబరంలో ఇంజనీరు విజిల్ వేశాడు.

ఈ ఆటలో రిఫరీ విజిల్ వేస్తే ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోవాలి. చిన్నప్పటినుంచీ ఒంట్లో ఇంకిపోయిన అలవాటు. ఐదుగురూ ఆగిపోయారు. మావాడూ వేగం తగ్గించాడు. వెనక నుంచి వస్తున్న అవతలి జట్టువాడు ఒక్కడు మాత్రం ఆగలేదు. మావాడు బోర్లా పడ్డాడు, బంతి జారింది, దాన్ని తీసుకుని వాళ్ళు అటువైపు పరుగెత్తారు. మావాళ్ళు రిఫరీ ముఖం చూశారు. ఆయన తల అడ్డంగా ఊపాడు. విజిల్ ఆయనది కాదు కాబట్టి ఆట చెల్లింది. మేం ఓడిపోయాం.

"నా నోరు పడిపోనూ! ఎంత పని చేశాను మావయ్యగారూ" అని ఇంజనీరు బెంచీ మీద కూలబడ్డాడు.

మర్నాడు ఆదివారం మావాడు ఇంటికి వచ్చాడు. భోజనాల దగ్గర, కంచంలోకి చూస్తూనే చెప్పాడు.

"నెక్స్ట్ సాటర్డే నేను స్టార్ట్ చెయ్యట్లేదు తాతయ్యా. కోచ్ సెకండ్ ఇయర్ వాణ్ణి పెడతాడు."

"విజిల్ సంగతి ఆయనకి చెప్పావా?"

"నో. అది ఎక్స్‌క్యూజ్ లాగా ఉంటది. నేను ఆగాను. అంతే."

వచ్చే శనివారం అతని చివరి ఆట. ఆ రోజు ఆఖరి ఏడాది పిల్లలు ఇంట్లోవాళ్ళను వెంటబెట్టుకుని మైదానం మధ్యదాకా నడుస్తారు. అది ఇక్కడి మర్యాద. మావాడు అలా నడిచి, మమ్మల్ని పంపేసి, బెంచీ మీద కూర్చోవాలి. ఇలాంటి కాలేజీల నుంచి పెద్ద ఆటలకి వెళ్ళేవాళ్ళుండరు. చదువైపోయే ఎండాకాలానికి దూరాన ఇర్వింగ్ అనే ఊళ్ళో ఉద్యోగం సిద్ధంగా ఉంది. ఆ శనివారం ఆడకపోతే మళ్ళీ ఆడేది లేదు.

"నేను వెళ్ళి కోచ్‌తో మాట్లాడతాను" అన్నాను.

మా అమ్మాయి గరిటె పట్టుకునే అడ్డం వచ్చింది. "నాన్నా, ఇక్కడ కాలేజీ పిల్లల కోసం పేరెంట్సే వెళ్ళరు. తాతగారు వెళ్తారా! వాడి పరువేం కాను?"

"నేను సిఫార్సుకి వెళ్ళట్లేదమ్మా. కరెంటు లైన్ ట్రిప్ అయితే కారణం చెప్పాలి. అది మా ఉద్యోగధర్మం. తర్వాత ఎవరిని ఉంచాలో ఎవరిని తియ్యాలో పైవాళ్ళ ఇష్టం."

మావాడు కంచంలోంచి తల ఎత్తాడు. "ఓకే. బట్ నా గురించి ఏం అడగొద్దు. ప్రామిస్?"

ఒప్పుకున్నాను. సోమవారం ప్రాక్టీసు వేళకి ఇంజనీరు నన్ను కారులో తీసుకెళ్ళాడు. కోచ్ భారీ మనిషి, నములుతున్న చూయింగ్ గమ్ ఆపడు. ఇంజనీరు జరిగినదంతా చెప్పి, "ఆ విజిల్ నాదే సార్" అన్నాడు.

కోచ్ అతన్ని కిందినుంచి పైదాకా చూసి, "ఏదీ, వెయ్" అన్నాడు.

మైదానంలో పిల్లలు ఆటలో ఉన్నారు. ఇంజనీరు వేళ్ళు తుడుచుకుని విజిల్ వేశాడు. మొత్తం జట్టు ఆగిపోయింది. పరిగెడుతున్నవాడు బంతిని కింద పెట్టేసి నడుం మీద చేతులు వేసుకున్నాడు. కోచ్ నమలడం ఆపాడు.

"వేసింది ఎవరైనా, ఆగింది నా క్వార్టర్‌బ్యాకే" అన్నాడు. ఇంజనీరు వైపు తిరిగి, "రేపు కూడా రాగలవా?" అని అడిగాడు.

తిరిగి వస్తుంటే ఇంజనీరు స్టీరింగ్ మీద ఒక్కటి కొట్టి, "పోలీసులకి పట్టిస్తాడేమో అనుకున్నాను, ఉద్యోగం ఇచ్చాడు మావయ్యగారూ!" అన్నాడు.

ఆ వారమంతా అతను ఆఫీసు నుంచి ముందే బయటపడి, నన్ను ఎక్కించుకుని అక్కడికి వెళ్ళాడు. కోచ్ సైగ చేసినప్పుడల్లా విజిల్. రిఫరీ చెయ్యి పైకి లేచేదాకా కాళ్ళు ఆగకూడదని కోచ్ అరుపులు. మొదటి రోజు అందరూ ఆగి తిట్లు తిన్నారు. మర్నాటినుంచి మావాడు ఆగలేదు. ఆ రెండో ఏడాది కుర్రాడు మంచి ఆటగాడే, మావాడికన్నా దూరం విసరగలడు. కాని విజిల్ వినపడితే అతని తల మా వైపు తిరిగేది. మాతో కోచ్ ఏమీ అనలేదు. మేమూ అడగలేదు.

శుక్రవారం సాయంత్రం మా అమ్మాయి ఫోనుకి మెసేజ్ వచ్చింది. స్టార్ట్ చేస్తున్నాడట, అమ్మమ్మని పులిహోర ఎక్కువ కలపమన్నాడట.

శనివారం సన్నగా మంచు పడింది. మా ఆవిడ చీర మీద అల్లుడి జాకెట్, కాళ్ళకి బూట్లు వేసుకుని మావాడి చెయ్యి పట్టుకుని నడిచింది. ఆ ఐదుగురిలో ఒకడు దూరం నుంచే "అమ్మమ్మా!" అని కేకేశాడు. ఆవిడ చెయ్యి ఊపింది.

బంతి మనవాళ్ళ దగ్గరున్నప్పుడు ఇక్కడివాళ్ళు నోరు మెదపరు. క్వార్టర్‌బ్యాక్ కేక అతని మనుషులకి వినపడాలి. ఇన్నాళ్ళూ సరిగ్గా అప్పుడే లేచి గోల చేసింది మేమే. ఆ రోజు మేమూ బిగబట్టుకు కూర్చున్నాం. ఇంజనీరు తన రెండు చేతుల మీదా తనే కూర్చున్నాడు. అప్పుడు విన్నాను మావాడి గొంతు. ఇంట్లో ఉప్పు అందించమనడానికి సగం మాటలు మింగే పిల్లాడు, అక్కడ పేరు పెట్టి పిలిచి మనుషుల్ని జరుపుతున్నాడు. అవతలి బెంచీల దాకా వినపడుతోంది.

చివరి నిమిషాల్లో మళ్ళీ ఎడమవైపు అదే సందు. దూరాడు. ముందు ఎవరూ లేరు. ఇంజనీరు మఫ్లర్ కొరుకుతూ కళ్ళు మూసుకున్నాడు.

"తెరవవయ్యా, దాటేశాడు" అన్నాను.

గెలిచాం. రిఫరీ ఆఖరి విజిల్ వేశాక మావాడు హెల్మెట్ తీసి మా వైపు తిరిగాడు. రెండు వేళ్ళు నోటి దగ్గర పెట్టి చూపించాడు. ఇంజనీరు ముందు నా వైపు చూశాడు. కానిమ్మన్నాను. చలికి మొద్దుబారిన పెదాలు తడుపుకుని, లేచి నిలబడి, మైదానం దద్దరిల్లేలా వేశాడు.

కింద ఐదుగురూ మావాడి మీదికి పరిగెత్తుతున్నారు. ఒక్కడూ ఆగలేదు.