పథ్యంలో ఆగిపోయిన మాత్ర

మంచిర్యాలలో మా ఇంటి ముందు గదిలో జాకెట్లు కుడతాను. ఆ రోజు పొద్దున కుట్టు మిషన్‌కు నూనె వేస్తుంటే ఆ వాసనకే కడుపులో తిప్పింది. ఏళ్ల తరబడి పీల్చిన వాసన అది. బయటికి పోయి వాంతి చేసుకుని వచ్చి కూర్చుంటే, కొలత జాకెట్ ఇవ్వడానికి వచ్చినామె నా ముఖంలోకి వంగి చూసింది.

"అక్కా, నీ కండ్లేంది గిట్ల పచ్చగున్నయ్?"

అద్దంలో చూసుకున్నాను. నిజమే. మూత్రం కూడా రెండు రోజులుగా పసుపు కలిపినట్టు వస్తోంది. ఎండకేమో అనుకుని ఊరుకున్నాను.

నాకు చాలా ఏళ్లుగా హెచ్ఐవి ఉంది. మా ఆయనా నేనూ ఒకేసారి పరీక్ష చేయించుకున్నాం, ఇద్దరికీ ఉందని తేలింది. ఆయన టీబీతో పోయాడు. నేను ఏఆర్‌టీ సెంటర్‌లో హెచ్ఐవికి ఇచ్చే మాత్ర రోజూ వేసుకుంటూ, మిషన్ తొక్కుకుంటూ, బిడ్డ శిరీషను ఇంటర్ చదివిస్తూ బాగానే ఉన్నాను. శిరీషకు హెచ్ఐవి లేదు. నా సంగతి ఇంట్లో మా అత్తకు తెలుసు, శిరీషకు తెలుసు. మంథనిలో ఉండే మా అన్న సమ్మయ్యకు మాత్రం చెప్పలేదు. ఒక్కగానొక్క అన్న. చెబితే దూరం పెడతాడేమోనని భయం.

కామెర్లని వినగానే అన్న బస్సెక్కి వచ్చాడు.

"మా ఇంటికి పా చెల్లె. మా దిక్కు కామెర్లకు పసరు మందు మంచిగిస్తరు. జర కోలుకున్నంక వద్దువు."

ప్రేమతోనే తీసుకుపోయాడు. పసరు పోసే పెద్దమనిషి నా కనురెప్పలు కిందికి లాగి చూసి పథ్యం చెప్పాడు. "ఉప్పు, కారం, నూనె బంద్. ఇంగ్లీషు మందు ఒక్కటి కూడ ముట్టొద్దు. మందూ మందూ కొట్లాడితే కార్జం ఖరాబైతది."

నా మాత్రల డబ్బా సంచి అడుగున ఉంది. వదిన పగలంతా నా పక్కనే కూర్చునేది, రాత్రి నా పక్కనే పడుకునేది. ఆమె చూస్తుండగా మాత్ర తీస్తే ఎందుకని అడుగుతుంది. ముందు కామెర్లు తగ్గనీ, కొన్నాళ్లు ఆపితే ఏమవుతుందిలే అనుకున్నాను.

కామెర్లు తగ్గాయి కూడా. కళ్లు తెల్లబడ్డాయి. అన్న సంబరపడి కోడిని తెస్తానన్నాడు. పెద్దమనిషి ఇంకొన్ని వారాలు పథ్యం సాగించమన్నాడు. సాగించాను.

తర్వాత మళ్లీ మొదలైంది. ఈసారి ఒళ్లంతా దురద. కాళ్లు ఉబ్బాయి, పొట్ట ఉబ్బింది. మజ్జిగ తాగినా కక్కేదాన్ని. ఒక మధ్యాహ్నం వదిన అన్నం తిందువు రమ్మంటే, జాకెట్‌కు ఎన్ని హుక్సులు కుట్టాలని అడిగానట. నాకు గుర్తులేదు. మళ్లీ తెలివి వచ్చేసరికి మా అత్త ఎదురుగా కూర్చుని ఉంది. వదిన ఫోన్ చేస్తే శిరీషను వెంటబెట్టుకుని వచ్చిందట.

అత్త నా చెవి దగ్గర మెల్లగా అడిగింది. "బిడ్డా, నీ మాత్రలేస్కుంటున్నవా?"

లేదని తల ఊపాను.

ఆమె లేచి నిలబడింది. గడప దగ్గర ఉన్న అన్నతో, దాపరికం లేకుండా అన్నది. "సమ్మయ్యా, నీ చెల్లెకు హెచ్ఐవి ఉన్నది. గా మాత్రల మీదనే ఇన్నేండ్లు బతికింది. నువ్వేమనుకుంటవో అని చెప్పలే. ఇప్పుడు అనుకునుడు తర్వాత, ముందు దవాఖానకు నడువు."

నేను కళ్లు మూసుకున్నాను. అన్న ముఖం చూసే ధైర్యం లేదు.  గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటున్న శబ్దం, ఆ వెంటే అన్న గొంతు. "బండి మాట్లాడుకస్త. కరీంనగర్ పోదాం."

కరీంనగర్‌లో డాక్టరమ్మకు అత్తే అన్నీ చెప్పింది. రక్తం తీశారు, కడుపు స్కాన్ చేశారు. బిలిరుబిన్ చాలా పెరిగిందన్నారు. రిపోర్టులు చూసి ఆమె నా మంచం పక్కకు వచ్చింది.

"అమ్మా, మీకు హెచ్ఐవితో పాటు హెపటైటిస్ బి కూడా ఉంది. ఎవరూ చెప్పలేదా?"

అప్పుడు గుర్తొచ్చింది. మందులు మొదలుపెట్టిన కొత్తలో ఎవరో "బి పాజిటివ్ కూడా ఉందమ్మా" అన్నారు. మా ఆయన మంచంలో ఉన్న రోజులవి. అది నా బ్లడ్ గ్రూపేమో అనుకున్నాను. ఇన్నేళ్లూ అలాగే అనుకున్నాను.

"మీరు వేసుకునే మాత్రలోని టెనోఫోవిర్ రెండు వైరస్‌లనూ అణచిపెడుతుంది. మొదట వచ్చిన కామెర్లు నీళ్ల వల్లనో దేనివల్లనో కావచ్చు, వాటంతటవే తగ్గేవేమో. మాత్ర ఆగేసరికి బి వైరస్ లేచి లివర్ మీద పడింది" అన్నది.

బయట అన్న అడిగితే మాత్రం, "ఇప్పుడే ఏం చెప్పలేం. లివర్ తట్టుకోవాలి" అన్నదట.

మాత్ర మళ్లీ మొదలుపెట్టారు. లివర్ వడకట్టలేని విషం తలకెక్కి మళ్లీ మతి తప్పకుండా, విరేచనాలయ్యే సిరప్ పోశారు. కాస్త తేరుకున్నాననుకుంటే చలిజ్వరం పట్టుకుంది, పొట్టలో చేరిన నీటికి ఇన్ఫెక్షన్ అన్నారు. సూదితో కొంచెం నీరు తీసి పరీక్షకు పంపారు, యాంటిబయాటిక్ ఎక్కించారు. ఆ రోజుల్లో శిరీష నా కాళ్లు ఒత్తుతూ కాలేజీ ముచ్చట్లు చెప్పేది. సగం వినబడేవి కావు. ఆ గొంతు ఆగకూడదని మాత్రం ఉండేది.

ఆసుపత్రిలో వదిన మొదట్లో నా గ్లాసు వేరుగా పెట్టింది. నేను చూశాను. డాక్టరమ్మ కూడా చూసింది. "కలిసి తింటే, ముట్టుకుంటే రావమ్మా ఇవి. బికి టీకా ఉంది, అందరూ పరీక్ష చేయించుకుని వేయించుకోండి" అన్నది. తర్వాత నన్నడిగింది. "మీ తోబుట్టువులు ఎవరు? బి ఒక్కోసారి కాన్పులో తల్లి నుంచి పిల్లలకు వస్తుంది."

మమ్మల్ని కన్న మా అవ్వ కడుపుబ్బి పోయింది. మేం చిన్నపిల్లలం. ఊళ్లో అందరూ ఏదో గాలి సోకిందన్నారు.

శిరీషకు బి లేదు, వదినకూ లేదు. అన్నకు ఉంది.

"నాకెట్లొస్తది మేడమ్? నేను మందు కూడ తాగ" అన్నాడు అన్న. కాగితం పట్టుకుని నా మంచం చివర కూర్చుండిపోయాడు. తలెత్తి నా వైపు చూశాడు. "నిన్ను గా పసరుకు తీస్కపోయి సంపుకుందును చెల్లె."

"నువ్వు ఈడికి తీస్కరాకుంటే నీ సంగతి ఎవలికి తెలుస్తుండె అన్నా?" అన్నాను.

ఆయన ఏడ్చాడు. మా అవ్వ పోయినప్పుడు చూశాను ఆయన ఏడవడం, మళ్లీ అప్పుడే. వదిన నా గ్లాసులోనే నీళ్లు ముంచి ఆయనకు తాగించింది.

ఇప్పుడు మళ్లీ మిషన్ తొక్కుతున్నాను, పూటకు రెండు జాకెట్లు చాలు. లివర్ కొంత గట్టిపడింది, దాన్ని సిరోసిస్ అంటారని చెప్పారు. ఆ గట్టిదనం పూర్తిగా పోతుందని ఎవరూ మాట ఇవ్వలేదు. ఉప్పు తగ్గించాను. లివర్‌కు చేటన్నారని, నడుం నొప్పికి మెడికల్ షాపులో తోచిన గోళీ కొనడం మానేశాను. అన్న లివర్ ఇంకా బాగానే ఉంది. ఇప్పటికి మందు అక్కర్లేదు గానీ పరీక్షలు మానొద్దన్నారు. ఆర్నెల్లకోసారి ఇద్దరం కలిసి కరీంనగర్ పోయి స్కాన్ చేయించుకుంటాం. పరగడుపున పోతాం కాబట్టి, బయటికి రాగానే ఇడ్లీ దగ్గర ఇద్దరికీ తొందరే.

నాలాంటి వాళ్లకు ఒక్క మాట. కామెర్లు వస్తే మీ మాత్రను మీ అంతట మీరు ఆపకండి. ఎవరి దగ్గర చూపించుకున్నా, రోజూ వేసుకునే ఆ మాత్ర పేరు ముందు చెప్పండి. అది చెప్పడానికి నోరు రాని చోట ఏ మందూ తీసుకోకండి.