ఇన్నయ్య మాస్టారి పళ్లు

ఈ రోజు పొద్దున మా రెంటచింతలకు, మా పక్కింటి ఇన్నయ్య మాస్టారి పాస్‌పోర్టు ఎంక్వైరీకి హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. మాస్టారికి ఇథియోపియాలో ఇంగ్లీషు చెప్పే ఉద్యోగం కుదిరింది. పాస్‌పోర్టు కోసం ఏడాదిగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు.

ఆ దేశంలో పన్ను నొప్పి వస్తే ఆస్తులమ్ముకోవాలని ఎవరో చెప్పారట. మాస్టారు ముందుచూపున్న మనిషి. పోయిన వారం నరసరావుపేట వెళ్లి, నొప్పి ఉన్నవీ లేనివీ కలిపి పళ్లన్నీ పీకించుకొచ్చారు. మొత్తం పీకితే డాక్టరు తగ్గించి తీసుకున్నాడట.

హెడ్డు ఫొటో చూశాడు. అందులో మాస్టారు పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నారు.

“తాతా, మీ అబ్బాయిని పిలువు,” అన్నాడు.

“నేనేనయ్యా,” అన్నారు మాస్టారు.

“నువ్వా! ఏ దేశం పోతున్నావు?”

మాస్టారు చెప్పారు. గాలి వచ్చింది గానీ దేశం రాలేదు. హెడ్డు నా వైపు తిరిగాడు.

“ఏందండీ, ఏం దేశమంటున్నాడు?”

నేను చెప్పాను.

“ఆడికి పోయి ఈయన ఇంగ్లీషు చెబుతాడా?”

పళ్లు కట్టించుకుని, కొత్త ఫొటో దిగి, మళ్లీ మొదట్నించి దరఖాస్తు పెట్టుకోమని వెళ్లిపోయాడు.

సాయంత్రం మాస్టారు మాచర్ల పోయి కట్టుడుపళ్ల ధర కనుక్కొచ్చారు. అది ఓడ టిక్కెట్టును మించిపోయిందట. ఇథియోపియాలో ఏమైనా చవకేమో కనుక్కోమని ఇందాకే నన్నడిగారు. తెలిసినవాళ్లుంటే చెప్పండి. ఆయన అడిగింది అదేనని నేననుకుంటున్నాను.