చేతులు వెనక్కి కట్టుకున్న ఖలీల్ భాయ్

కాకినాడలో ఒక కాలేజీకి వెబ్‌సైట్ చేసి ఇస్తున్నాను. నిన్న అక్కడి గుమాస్తాగారు నా పక్కన కూర్చుని ఒకే వేలితో టక్... టక్ అని సెలవు నోటీసు టైపు చేస్తుంటే, ఆ చప్పుడుకి ఖలీల్ భాయ్ గుర్తొచ్చారు. ఆయన గుర్తొస్తే నాకు ముందు కడుపు మండుతుంది, గౌరవం తరవాత కలుగుతుంది. ఏం చెయ్యను, నా బుద్ధి అంతే.

ప్రపంచ కప్ కోసం ఖతార్ అంతా తవ్వి పోసిన రోజులవి. మాది స్టేడియాల్లో కుర్చీలు బిగించే కంపెనీ. ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో ఆఫీసు, ఊరి చివర మెసైమీర్ వైపు పనివాళ్ళ క్యాంప్. నేను వెబ్ డిజైనర్‌ని. బస్సు వేళలు పనివాళ్ళు ఫోన్లోనే చూసుకునేలా సైట్ కావాలనీ, కోడ్ రానివాళ్ళు కూడా అందులో రాయగలగాలనీ హైదరాబాద్ నుంచి వచ్చిన మా మేనేజర్ అన్నాడు. అలాంటి సాఫ్ట్‌వేర్‌నే సీఎంఎస్ అంటాం. మూడు వారాలు కూర్చుని ఐదింటిని పోల్చి, నాకు బాగా చేతనైనదాన్ని పైన పెట్టి రిపోర్టు రాశాను. ఆ సైట్ నా చేతుల మీదే నడవాలని నా ఆశ. తీరా చూస్తే, "ఖలీల్ భాయ్ ఏది అంటే అది" అనేశాడు మేనేజర్. ఖలీల్ భాయ్‌ది నిజామాబాద్, ఆఫీసులో అరబ్బీ ఉత్తరాలు టైపు చేసే పెద్దాయన; పనివాళ్ళ నోటీసులన్నీ అప్పటిదాకా ఆయన చేతి మీదుగానే వెళ్ళేవి. సర్వర్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. నేను కళ్ళల్లో నిప్పులు పోసుకున్నాను.

ఆయన నా రిపోర్టు తెరవనే లేదు. ఐదింటిలో ఏవైనా రెండింటిని మాత్రం కంప్యూటర్‌లో పెట్టమని, క్యాంప్ చూసుకునే జగిత్యాల రాజన్నను వాటి ముందు కూర్చోబెట్టారు. "రాజన్నా, రేపటి బస్ టైం మార్చి రాయి," అని తన చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. నేను మెచ్చినదాంట్లో రాజన్న తికమకపడ్డాడు.

"ఏడ నొక్కాలె మేడం? గిన్ని డబ్బాలున్నయి."

నా చెయ్యి మౌస్ మీదికి పోయింది.

"బేటా, చేతులు ఎన్కకు పెట్టుకో. రేపు క్యాంప్‌ల నువ్వుండవు గద," అన్నారు ఖలీల్ భాయ్.

రెండోదానికి అందం చందం లేదు. అందులో రాజన్న పది నిమిషాల్లో రాసేసి, "ఇగో, అయిపాయె," అని నవ్వాడు. అదే ఖాయమైంది. మేనేజర్ అందరి ముందూ ఆయన భుజం తట్టి, సైట్ బాధ్యత ఆయనకే అప్పగించాడు. ఆ పూట నాకు అన్నం సయించలేదు.

సెట్ చెయ్యడం మాత్రం నా పనే. ఎవరు రాసినా నేను సరే అంటేనే సైట్‌లో కనిపించేలా పెట్టాను, ఎవరికీ చెప్పలేదు. నేను లేనిదే గడవకూడదు కదా మరి. ఒక శుక్రవారం స్నేహితురాళ్ళతో సముద్రం ఒడ్డున కార్నిష్‌కి షికారు వెళ్ళాను, ఫోన్ సంచిలో పడి ఉంది. ఎండలు ముదరడంతో మరునాటి బస్సును గంట ముందుకు జరిపారు. రాజన్న స్టేడియం దగ్గరే ఉండిపోయి, అక్కడి నుంచే ఆ సంగతి సైట్‌లో రాశాడు. నా అనుమతి కోసం అది డ్రాఫ్ట్‌లోనే ఆగిపోయింది. తెల్లారి నలభై మంది పాత టైముకి గేటు దగ్గరికి వచ్చేసరికి బస్సు ఖాళీగా వెళ్ళిపోయింది. అందరికీ ఆబ్సెంట్ పడింది.

మేనేజర్ రాజన్నను పిలిపించి, ఊరికి పంపించేస్తానన్నాడు.

"రాసిన సార్, మా అవ్వ మీద ఒట్టు," అంటున్నాడు రాజన్న.

ఖలీల్ భాయ్ కంప్యూటర్ మీదికి వంగి, నోటీసు ఎవరి దగ్గర ఆగిందో చూశారు. నా వైపు ఒక్కసారి చూశారు.

"తప్పు నాది సాబ్. రాసుడు వస్తదా అని చూసిన గని, రాసింది బైటికి వస్తదా అని చూడలే," అన్నారు.

ఆఫీసు తప్పని తేలడంతో నలభై ఆబ్సెంట్లూ కొట్టేశారు. రాజన్న ఉద్యోగం నిలబడింది. సైట్ బాధ్యత ఖలీల్ భాయ్ దగ్గర తీసేసి నాకిచ్చారు. నేను కోరుకున్నదే. వరండాలో క్షమాపణ చెప్పబోతే, "నాకెందుకు బేటా, రాజన్నకు చెప్పు. ఆ తాళం తియ్యి," అన్నారు. రెండూ చేశాను. రాజన్న వారం రోజులు నాతో మాట్లాడలేదు. మేనేజర్‌కి చెప్పే ధైర్యం మాత్రం నాకు ఎప్పుడూ రాలేదు. తప్పు నేను చేస్తే, దాన్ని మోసిన పెద్దరికం ఆయనకు దక్కింది. దానికీ కుళ్ళుకున్నాను.

గుమాస్తాగారు నోటీసు ముగించి, "మీరొకసారి చూస్తారా అమ్మా?" అన్నారు.

"అక్కర్లేదండి, మీరే పెట్టేయండి."

తేదీ రెండుసార్లు పడింది, నాకు కనిపిస్తూనే ఉంది. ఆయనే చూసుకుని దిద్దుకునేదాకా నా చేతుల్ని వెనక్కి గట్టిగా బిగించి పట్టుకున్నాను. ఖలీల్ భాయ్ తన చేతుల్ని అంత బిగించి పట్టుకోవాల్సి వచ్చేది కాదు.