పార్కు కంచె నుంచి పెరటి హద్దు దాకా

అక్టోబరు, రెండో ఆదివారం, మధ్యాహ్నం. మా ఇల్లు, నేపర్‌విల్, అమెరికా. హాజరైనవారు: సంఘ కాపరి అయ్యగారు, మా సంఘంలోని ఒక విధవరాలు, మా కోడలు, నేను.

డైరీలో అంతవరకు రాసి ఆగిపోయాను.

ఆ విధవరాలి కొడుకు ఒక మైనరు బాలిక పట్ల చేసిన నేరానికి జైల్లో ఉన్నాడు. వచ్చే నెల విడుదల. తల్లి ఇంట్లో ఉంటానని అడ్రస్ ఇచ్చాడు. అలాంటివాళ్లు పిల్లల పార్కుకు ఐదు వందల అడుగుల లోపు నివసించకూడదని ఈ రాష్ట్ర చట్టం. ఆవిడ తన వీధి గుమ్మం నుంచి పార్కులోని ఉయ్యాల దాకా ఫుట్‌పాత్ వెంట బట్టలు కుట్టే టేపుతో కొలుచుకుంది. ఆరు వందలు దాటిందట.

"అన్నయ్యగారూ, మీరు సర్వే డిపార్ట్‌మెంట్‌లో చేశారు కదా. మీరు కొలిచి రాసిస్తే పెరోల్ ఆఫీసర్‌కి చూపిస్తాను" అంది.

అయ్యగారు ప్రార్థన చేసి వెళ్లారు. కోడలు నన్ను వంటింట్లోకి పిలిచింది. "మీ మనవరాలు ఆడుకునేది ఆ పార్కులోనే మావయ్యా. గుర్తుందిగా?"

గుర్తుంది.

నాలుగింటికి నా వందడుగుల టేపు తీసుకుని వెళ్లాను. చట్టానికి రోడ్డు మలుపులతో పని లేదు. హద్దు నుంచి హద్దుకు తిన్నగా కొలవాలి. ఇళ్ల వెనక గడ్డి మీదుగా కొలిచాం. సున్నా కొస ఆవిడే పట్టుకుంది. నాలుగు వందల డెబ్భై ఒక్క అడుగులు. తిరిగి కొలిచినా అంతే.

"రోడ్డు మీద నడిచే కదండీ వెళ్తాడు, కంచెలు దూకి వెళ్తాడా?" అంది. అనేసి, తనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఆ అంకె చూడగానే నా గుండె తేలికపడింది. అంకె తగ్గాలని టేపును గట్టిగా లాగానా అని తిరిగొచ్చే దారంతా అనుమానం. ఇంటికొచ్చి, ఆ తేలికపడడం కూడా డైరీలో రాయాలా అని చాలాసేపు కూర్చున్నాను. రాశాను. అన్నం సరిగా తినలేదు.

మర్నాడు ఉదయం ఏడింటికి ఆవిడ మా గుమ్మంలో ఉంది. "నేనే ఇల్లు మారిపోతానండి. ఒకటి చూశాను. ముందు కొలిచి చెప్పండి."

ఎక్కడని అడిగాను. మా వెనక వీధి.

మనవరాలికి జడ వేస్తున్న కోడలి చేతిలో దువ్వెన ఆగింది. నేను టేపు తీసుకున్నాను. ఈసారీ సున్నా కొస ఆవిడే పట్టుకుంది. ఆ ఇంటి హద్దు నుంచి పార్కు కంచె దాకా ఎనిమిది వందల నలభై అడుగులు వచ్చింది. కాగితం మీద అదే రాసి, సంతకం పెట్టి ఇచ్చాను.