పాలకీడుకు ఎర్రరంగు

కోదాడ అమ్మాయి సుష్మిత ఇంజనీరింగ్ చదివింది హైదరాబాద్‌లో పెద్ద కంపెనీలో చేరదామని. చేరింది మాత్రం సూర్యాపేటలో, బ్యాటరీల షాపు మీదున్న చిన్న ఆఫీసులో. రైస్ మిల్లులకు కంప్యూటర్ ప్రోగ్రాములు తయారుచేయడం వాళ్ల పని.

మిర్యాలగూడ నర్సింగరావు మిల్లు కోసం ఆమె నెలల తరబడి కష్టపడింది. ట్రాక్టర్ కాంటా ఎక్కితే చాలు, బరువు దానంతటదే కంప్యూటర్‌లోకి వచ్చేస్తుంది. ఆ సంగతి చూపించినప్పుడు నర్సింగరావు "మంచిగుంది" అని టీ గ్లాసు అందుకున్నాడు. తర్వాత తెర మీది పట్టికను చాలాసేపు చూశాడు. అందులో ఒక్కో ఊరి పేరు ఒక వరుస, దాని కింద ఆ ఊరి ట్రాక్టర్ల వరుసలు.

"ఊరి పేరేదో, బండ్లేవో ఒక్కతీర్గనే కనబడ్తున్నయ్ మేడం. ఊరికో రంగెయ్యిరాదు?"

బరువు గురించి ఇంకో మాట అడుగుతాడేమోనని సుష్మిత కాసేపు ఎదురుచూసింది. అడగలేదు. ఆఫీసుకు తిరిగొచ్చి రంగులు వేసింది. మోతె వరుసకు పచ్చ, పాలకీడు వరుసకు ఎరుపు. అక్షరాలు లావుగా, వరుస కాస్త ఎత్తుగా పెట్టింది. చూడముచ్చటగా ఉందని తనకే అనిపించింది.

రైతులు తమ వంతు చూసుకోవడానికి మిల్లు గేటు దగ్గర పెద్ద టీవీ పెట్టారు. రంగుల పట్టిక దాని మీదికి వచ్చిన పూటే నర్సింగరావు ఫోన్ చేశాడు.

"మేడం, వడ్లు దింపుడు బందైంది. ఇగ మీరే రావాలె."

ఆమె బస్సు దిగి వెళ్లేసరికి పాలకీడు రైతు జంగయ్య టీవీ కింద నిలబడి ఉన్నాడు.

"బిడ్డా, గీ రంగులేసింది నువ్వేనా?"

"నేనే బాబాయ్."

"మోతెకు పచ్చ, మాకు ఎరుపా? మా వడ్లు తడిగున్నయి, వద్దని అందరికి ఎర్రజెండ సూపుతున్నవా?"

"అయ్యో, ఊరికే వేశాను. దానికి అర్థమేం లేదండీ."

"అర్థం లేకుంటె పచ్చదే మాకియ్యి."

ఇచ్చింది. మోతె వాళ్లు ట్రాక్టర్లు దిగి వచ్చారు. నీలం వేస్తే అది ఫలానా పార్టీ రంగన్నారు. గులాబీ పేరెత్తగానే నర్సింగరావే చేతులు జోడించాడు. బూడిదరంగు వేస్తే, మా ఊరేమన్నా ఖతమైందా అని ఎవరో అడిగారు.

సుష్మితకు ఏడుపొచ్చినంత పనైంది. కంప్యూటర్ వదిలేసి గేటు దగ్గరికి పోయి నిలబడింది. అందరూ మెడలెత్తి టీవీకేసి చూస్తున్నారు. వాళ్లకు కావలసింది రంగు కాదు, వంతు వచ్చిందో లేదో తెలియడమని అప్పుడు తట్టింది. లోపలికి వచ్చి అన్ని ఊళ్లనూ తెల్లగా చేసేసింది. ఏ ఊరి వడ్లు దింపుతుంటే ఆ ఊరి వరుస ఒక్కటే పసుపుపచ్చగా మారేలా రాసింది. పని అయిపోగానే మళ్లీ తెలుపే.

కాసేపటికి పాలకీడు వరుస పసుపుపచ్చగా వెలిగింది. జంగయ్య ఫోన్ తీసి దాన్ని ఫొటో తీసుకున్నాడు. తీసుకుని, "జర ఎక్కువసేపుంచరాదు బిడ్డా?" అన్నాడు.

ఆ సంగతి మిర్యాలగూడ మిల్లులన్నింటికీ పాకింది. కాంటా బరువు ఎలా వస్తుందని ఒక్కరూ అడగలేదు. 'రంగుల మేడం' కావాలని ఫోన్లు మొదలయ్యాయి. మొదట్లో ఆమె మూతి ముడుచుకుంది. పోనుపోను ఆ పేరుతో పిలిచినా పలకసాగింది.

మొన్న నర్సింగరావు భార్య కృష్ణకుమారి స్వయంగా సూర్యాపేట ఆఫీసుకు వచ్చింది. సంచీలోంచి జాకెట్టు ముక్క తీసి బల్ల మీద పరిచింది. మిల్లు పేరుండే పై వరుసకు సరిగ్గా ఈ రంగే కావాలంది. బరువుల ప్రోగ్రాం రాసిన సుష్మిత ఆ ముక్కను తెర పక్కన పట్టుకుని, కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి, భోజనాల వేళ దాకా రంగు కలిపింది.

కృష్ణకుమారి కళ్లజోడు సవరించుకుని చూసింది.

"జర లేతగ లేదామ్మా?"